బొమ్మల కథకు వయస్సు: చిత్రకథా పఠనంలో వయోభేదాల చారిత్రక పరిశీలన

తెలుగులో ‘బొమ్మల కథ’ అనగానే పిల్లల పుస్తకం స్ఫురించడం అలవాటైపోయింది. గ్రంథాలయంలో దాని చోటు బాలల విభాగం. సాహిత్య చరిత్రలో దాని ప్రస్తావన ఉంటే గింటే అది బాలసాహిత్యం అనే అధ్యాయంలోనే. మరోవైపు, గత నాలుగు దశాబ్దాలకు పైగా ‘గ్రాఫిక్ నవల’ పేరుతో వివిధ భాషల్లో వెలువడుతున్న రచనలు యుద్ధాన్ని, వలసను, కులాన్ని, నిర్వాసితుల బతుకును బొమ్మల్లోనే చెబుతూ వయోజన పాఠకులను సంపాదించుకున్నాయి. ఈ రెండు స్థితుల మధ్య దూరాన్ని వివరించేందుకు సాధారణంగా వాడే మాట ఒకటుంది: బొమ్మల కథ ‘ఎదిగింది’. అంటే అది పిల్లల వినోదంగా పుట్టి క్రమంగా ప్రౌఢత్వం పొందిందని భావం. ఈ భావన చారిత్రకంగా నిలవదని, బొమ్మల కథ పిల్లలదిగా పుట్టలేదని, నిర్దిష్ట కారణాల వల్ల పిల్లలదిగా మారిందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

‘ఈ పుస్తకం ఏ వయస్సు వారికి?’ అన్న ప్రశ్నలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది పఠన సామర్థ్యం: ఈ రచనను ఎవరు చదవగలరు? రెండవది విషయ యోగ్యత: ఇందులోని విషయం ఎవరికి తగినది? మూడవది సాహిత్య ప్రతిపత్తి: ఈ రచనను ఏ స్థాయి సాహిత్యంగా లెక్కించాలి? ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల వల్ల వచ్చి ‘వయస్సు’ అనే ఒకే మాటలో చేరాయి. వాటిని విడదీసి చూసినప్పుడే చిత్రకథ చరిత్ర స్పష్టమవుతుంది.

పరిభాష

వరుసగా అమర్చిన బొమ్మలు కథాగమనంలో భాగం వహించే రచనను గాని, ప్రదర్శనను గాని ఇక్కడ ‘చిత్రకథ’గా గ్రహించడం జరిగింది. కథకు అలంకారంగా వేసిన ఒంటరి బొమ్మ ఇందులో చేరదు. అయితే అలంకారానికీ కథనానికీ మధ్య సరిహద్దు అన్నిచోట్లా స్పష్టంగా ఉండదు. ‘చందమామ’ వంటి పత్రిక విషయంలో అది మరీ పలచబడుతుంది.

‘గ్రాఫిక్ నవల’ అనే పేరును అమెరికాలో రిచర్డ్ కైల్ 1964లో వాడారు. 1978లో విల్ ఐస్నర్ రచన ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ ముఖచిత్రంపై కనిపించిన తరువాత అది ప్రచారంలోకి వచ్చింది. న్యూయార్క్ అద్దె ఇళ్లలో బతికే పేద యూదుల కథలవి. పుస్తక ప్రచురణకర్తను ఒప్పించడానికి ఆ మాట వాడినట్లు ఐస్నరే చెప్పుకున్నారు. కనుక ఈ పేరు పుట్టుకలోనే ప్రతిపత్తి ప్రశ్న ఉంది. ‘కామిక్స్’ అంటే తలుపు మూసేవారు ‘నవల’ అంటే తెరుస్తారన్న లెక్క అది. రూపలక్షణాన్ని బట్టి రెండింటికీ మౌలిక భేదం లేదు.

పటం ముందు కూర్చున్నవారు

తెలుగు ప్రాంతంలో బొమ్మల వరుసతో కథ చెప్పే సంప్రదాయం అచ్చుకంటే చాలా పాతది. ప్రస్తుత సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పేరుతో నేడు ప్రసిద్ధమైన నకాషీ పటాలు దీనికి ముఖ్యమైన ఆధారం. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద కలిపి పూత పూసి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. పటం నిలువుగా సాగుతుంది. అడ్డపట్టీలుగా విడదీసిన వరుసల్లో కథాఘట్టాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. కథకుడు చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మను చూపుతూ, పాడుతూ కథ నడుపుతాడు. తరువాతి పట్టీ కనబడేదాకా ప్రేక్షకుడు ఆగవలసిందే. నేటి చిత్రకథలో పుట తిప్పడం చేసే పనిని ఇక్కడ చుట్ట విప్పడం చేస్తుంది.

ఈ పటాల ప్రేక్షకులెవరు? పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు — ప్రతి పటం వెనుకా ఒక దాతృకులం, ఒక ఆశ్రితకులం ఉన్నాయి. పటం ముందు సభను నిర్ణయించింది కులం, సందర్భం, వయస్సు కాదు. కులపురాణం వినడం ఆ కులంలో పుట్టిన వారందరి హక్కు. అందులో హత్య ఉన్నా, శాపం ఉన్నా, శృంగారం ఉన్నా పిల్లలను వేరుచేసి మరో పటం చూపిన పద్ధతి లేదు. తోలుబొమ్మలాట విషయమూ ఇంతే. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’ నాటికే ప్రస్తావనకు వచ్చిన ఈ ఆటలో రామాయణ, భారత ఘట్టాల మధ్య కేతిగాడు, బంగారక్కల మోటు హాస్యం వస్తుంది. పురాణార్థం ఒకరికి, హాస్యం మరొకరికి, రంగుల నీడలు ఇంకొకరికి అందుతాయి. అయితే తెర ఒక్కటే.

పెద్దలకే ఉద్దేశించిన బొమ్మలు కూడా ఉండేవనడానికి ‘క్రీడాభిరామము’ సాక్ష్యం. ఓరుగల్లులో మాచల్దేవి చిత్రశాలా ప్రవేశ సందర్భంలో వర్ణితమైన బొమ్మలు దేవతల శృంగార వృత్తాంతాలకు సంబంధించినవి. అక్కడ ప్రేక్షకులను వేరుచేసినది ప్రవేశించే చోటు. లేపాక్షి వీరభద్రాలయం కప్పుపై 16వ శతాబ్దంలో వేసిన కిరాతార్జునీయ ఘట్టాలు, మనునీతి చోళుని కథ పట్టీలుగా సాగుతాయి. ఆవుదూడ మరణానికి బదులుగా రాజు సొంత కుమారునికే మరణదండన విధించిన కథ అది. ఆలయానికి వచ్చిన ఏ వయస్సు వారైనా తలెత్తి చూడగలిగిన బొమ్మలవి.

ఈ ఆధారాలను బట్టి ఒక విషయం తేలుతుంది. అచ్చుకు పూర్వం తెలుగు చిత్రకథ ప్రేక్షకులను విభజించలేదని కాదు, విభజించింది. అయితే ఆ విభజన కులాన్ని, స్థలాన్ని, సందర్భాన్ని బట్టి జరిగింది. వయస్సు విభజన సూత్రంగా రావడం అచ్చుయుగపు పరిణామం.

అచ్చు బొమ్మల తొలి పాఠకులు

ఐరోపాలోనూ తొలి చిత్రకథలు పిల్లల కోసం పుట్టలేదు. జెనీవాకు చెందిన ఉపాధ్యాయుడు రొడోల్ఫ్ తోప్ఫెర్ 1827లో గీసిన ‘మస్యూ వ్యూ బ్వా’ ఒక నడివయస్సు ప్రేమికుని మీద వ్యంగ్యం. అది 1837లో అచ్చయింది. అంతకుముందే తోప్ఫెర్ చేతిరాత పుస్తకాలు చూసి మెచ్చుకున్న పాఠకుడు జర్మన్ మహాకవి గేథే. అప్పటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. 1890లలో అమెరికన్ దినపత్రికల ఆదివారం సంచికల్లో వచ్చిన ‘ఎల్లో కిడ్’ వంటి బొమ్మలు వలస కుటుంబాల మురికివాడల జీవితం మీద వేసినవి. దినపత్రిక ఇంటికి వస్తుంది. ఇంట్లో అందరి చేతులూ మారుతుంది. బెల్జియంలో 1946లో మొదలైన ‘టిన్‌టిన్’ వారపత్రిక తన పాఠకులు 7 నుండి 77 ఏళ్లవారని ప్రకటించుకున్నది ఈ కుటుంబ పఠనాన్ని దృష్టిలో ఉంచుకొనే.

మార్పు వచ్చింది కామిక్ పుస్తకం దినపత్రిక నుండి విడిపోయినప్పుడు. 1930లలో అమెరికాలో చిత్రకథలు విడి పుస్తకాలుగా, పిల్లలు తమ చేతి డబ్బుతో కొనుక్కోగల ధరకు రాసాగాయి. అంతకుముందు పత్రికను కొనేది తండ్రి. ఇప్పుడు పుస్తకాన్ని కొనేది పిల్లవాడు. పెద్దల కంటపడకుండా పిల్లల చేతికి చేరే తొలి అచ్చువస్తువుల్లో ఇదొకటి. ఆందోళన అక్కడ పుట్టింది.

చట్టం నిర్ణయించిన వయస్సు

ఫ్రాన్స్ 1949 జూలైలో యువజన ప్రచురణల మీద చట్టం చేసి పర్యవేక్షక సంఘాన్ని నియమించింది. అమెరికాలో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తమ్ 1954లో ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ ప్రచురించి, బాలనేరాలకు కామిక్స్ కారణమని వాదించారు. అదే సంవత్సరం సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమంతట తామే ‘కామిక్స్ కోడ్’ రూపొందించుకున్నారు. నేరం చివరికి శిక్ష పొందాలి; పోలీసులను, న్యాయమూర్తులను అగౌరవపరచే చిత్రణ ఉండరాదు; నడిచే శవాలు, రక్తపిశాచాలు కనబడరాదు. ఈ నియమాలను పాటించిన పుస్తకం ముఖచిత్రంపై ముద్ర పడేది. ముద్ర లేని పుస్తకాలను పంపిణీదారులు తీసుకోలేదు. ఫలితంగా, పిల్లలకు తగనిది పిల్లలకు అందకుండా చేయడంతో ఆగక, పిల్లలకు తగనిది ఏదీ ఆ రూపంలో రాకుండా పోయింది. యోగ్యత కోసం పెట్టిన నియమం ప్రతిపత్తిని నిర్ణయించింది. చివరి ప్రచురణ సంస్థలు ఈ కోడ్‌ను వదిలింది 2011లో.

ఈ చరిత్రలో భారతదేశానికీ భాగముంది. బ్రిటన్ 1955లో చేసిన చట్టాన్ని అనుసరించి భారత పార్లమెంటు 1956లో యువజనులకు హానికరమైన ప్రచురణల చట్టం చేసింది. బొమ్మల సహాయంతో గాని, బొమ్మలు లేకుండా గాని, పూర్తిగా బొమ్మల్లోనే గాని చెప్పిన కథలు ప్రధానంగా నేరాలను, హింసను, బీభత్స ఘటనలను చిత్రిస్తూ యువజనులను చెడగొట్టే స్వభావం కలిగి ఉంటే అవి దీని పరిధిలోకి వస్తాయి. ఇందులో గమనించదగినది యువజనుని నిర్వచనం: 20 సంవత్సరాలు నిండనివారు. తెలుగు గ్రామసీమలో 20 ఏళ్లు నిండేలోగా కాపురానికి వచ్చి తల్లులైన స్త్రీలు ఎందరో ఉన్న కాలమది. సమాజంలో బాల్యం ముగిసే వయస్సు ఒకటి, పాఠకునిగా బాల్యం ముగిసే వయస్సు మరొకటి అయ్యాయి.

చందమామ: ఇంటిల్లిపాది పఠనం

ఈ చట్టం వచ్చిన దశాబ్దంలోనే తెలుగులో బొమ్మలతో కూడిన కథా పఠనం విస్తరించింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి ‘చందమామ’ను తెచ్చారు. క్రమంగా అది పన్నెండుకు పైగా భాషల్లో వెలువడింది. అన్ని భాషల్లో కథనం మారినా బొమ్మలు మారలేదు. ఆ పత్రిక భిన్న భాషల పాఠకులందరూ ఉమ్మడిగా చదివిన పాఠం ఒకటుంటే, అది చిత్ర అనే సంతకంతో టి.వి. రాఘవన్, శంకర్ అనే సంతకంతో కె.సి. శివశంకరన్ గీసిన బొమ్మలు, వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు మాత్రమే.

‘చందమామ’ పిల్లల పత్రికగానే ప్రకటితమైంది. అయితే దాని పాఠ్యం ఎక్కడిది? బేతాళ కథల ఉదాహరణ ఇందుకు ఉపకరిస్తుంది. ‘కథాసరిత్సాగరం’లోని బేతాళ కథలు రాజాస్థానపు ప్రౌఢ శ్రోతలవి. జారత్వం, కామం, దేహత్యాగం వాటిలో విరివిగా ఉన్నాయి. తెలుగులో జక్కన ‘విక్రమార్క చరిత్రము’, కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ నాటి నుండి విక్రమార్కుని కథలు పండితులూ రసికులూ చదివిన కావ్యవస్తువు. ‘చందమామ’ ఆ చట్రాన్ని నిలుపుకొని, లోపలి కథలను మార్చి, మూలంలోని ఇరవై అయిదు ముగిశాక కొత్త కథలను అదే చట్రంలో దశాబ్దాల పాటు పేర్చింది. ఇది విషయ యోగ్యత దృష్టితో చేసిన పని. అయితే చట్రాన్ని చూపే బొమ్మను మాత్రం మెత్తబరచలేదు. శ్మశానం, పుర్రెలు, కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం — శంకర్ గీసిన ఆ దృశ్యం నెలనెలా ఇంటికి వచ్చింది. అమెరికాలో నడిచే శవాన్ని పిల్లల కంటపడకుండా కోడ్ నిషేధించిన కాలంలోనే తెలుగు ఇళ్లలో శవం మాట్లాడింది, న్యాయాన్యాయాల ప్రశ్న వేసింది, పిల్లలు దానికి జవాబు వెతికారు. బీభత్సం ఏ వయస్సుకు తగనిదన్న నిర్ణయం సార్వత్రికం కాదని, సంప్రదాయ పరిచయం దాన్ని మారుస్తుందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

సామర్థ్యం విషయంలో ‘చందమామ’ చేసిన పని మరింత ముఖ్యమైనది. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో వచనం కుదురుకుంది. చిన్న వాక్యాలు, వర్ణన తక్కువ, సంఘటన ఎక్కువ. వర్ణన తగ్గడానికి బొమ్మ కారణం. రాజప్రాసాదం ఎలా ఉందో, రాక్షసుడు ఎలా ఉన్నాడో చెప్పే బాధ్యత చిత్రకారునిది. కనుక ‘చందమామ శైలి’గా ప్రసిద్ధమైన ఆ వచనాన్ని బొమ్మను పక్కనపెట్టి విశ్లేషించడం అసమగ్రం. చదువు రాని పిల్లలు బొమ్మ చూస్తూ వినగలిగారు. కొత్తగా చదువు నేర్చిన స్త్రీలు, పెద్దలు కూడబలుక్కొని చదవగలిగారు. పిల్లలకు చదివి వినిపించే పేరుతో పెద్దలు తమ కోసం చదువుకున్నారు. దాసరి సుబ్రహ్మణ్యం సాహస ధారావాహికలు చిన్ననాడు చదివినవారే మళ్లీ పెద్దయ్యాక పాత సంచికలు వెతికి చదివారు. ఆ ధారావాహికలు చాలాకాలం రచయిత పేరు లేకుండానే వచ్చాయన్న సంగతి, పిల్లల కోసం రాసిన దానికి కర్తృత్వ గౌరవం అక్కరలేదన్న నాటి వైఖరికి నిదర్శనం.

ఇదే కాలంలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చిన ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’, బాపు బొమ్మలతో కలిసి మరొక మార్గాన్ని చూపింది. అది బాలుని గొంతుతో, పెద్దల పత్రికలో, పెద్దల ప్రపంచం మీద చేసిన వ్యంగ్యం. పిల్లలు అందులో అల్లరిని చదువుతారు, పెద్దలు తమను తాము చదువుకుంటారు. ఒకే పుట ఇద్దరు పాఠకులను ఏకకాలంలో సంబోధించడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బుజ్జాయి, అరవిందన్: రెండు దారులు

తెలుగులో గడులుగా విడదీసిన చిత్రకథకు ఆద్యుల్లో ముఖ్యులు దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి (1931–2022). ‘బుజ్జాయి’ అన్న ముద్దుపేరే ఆయన కలంపేరు అయింది. ఆయన సృష్టించిన ‘డుంబు’ తెలుగు పత్రికా పాఠకులకు పరిచితుడు. 1960లలో ఆయన పంచతంత్ర కథలను ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో చిత్రకథగా గీశారు. ఆ వారపత్రిక పాఠకులు ప్రధానంగా ఇంగ్లీషు చదివిన పెద్దలు. కవి అయిన తండ్రి మీద తెలుగు విమర్శలో విస్తారమైన పరిశీలన ఉంది. చిత్రకథకుడైన కుమారుని మీద ఉన్నది స్వల్పం. ఈ తేడా ప్రతిభలోని తేడా అని చెప్పడానికి ముందు, ప్రక్రియల ప్రతిపత్తిలోని తేడాను లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

పొరుగు భాషతో పోలిక ఇక్కడ అవసరం. మలయాళంలో జి. అరవిందన్ 1961 నుండి 1973 వరకు మాతృభూమి వారపత్రికలో ‘చెఱియ మనుష్యరుమ్ వలియ లోకవుమ్’ గీశారు. నిరుద్యోగి రాము ఆదర్శాలతో మొదలై, సంవత్సరాలు గడిచేకొద్దీ లోకంతో రాజీపడుతూ పోతాడు. కథలోని మనుషులకు పాఠకులతోపాటు వయస్సు పెరగడం దీని విశేషం. సాహిత్య వారపత్రికలో రావడం వల్ల, సాహిత్య పాఠకులు చదవడం వల్ల అది సాహిత్యంగా గుర్తింపు పొందింది. చిత్రకథ ప్రతిపత్తిని నిర్ణయించడంలో రూపం కంటే ప్రచురణ స్థానమే బలమైనదనడానికి ఇది ఉదాహరణ.

1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైన ‘అమర చిత్ర కథ’ దీనికి భిన్నమైన దారి పట్టింది. పాఠశాల విద్యార్థులకు గ్రీకు దేవతలు తెలిసినంతగా రాముని తల్లి పేరు తెలియదన్న అనుభవం ఈ మాలకు ప్రేరణ అని పాయ్ పలుమార్లు చెప్పారు. 1969లో ‘కృష్ణ’తో పురాణ, చారిత్రక గాథలు వరుసగా వచ్చాయి. తెలుగు సహా అనేక భాషల్లోకి ఇవి వెళ్లాయి. ఇక్కడ కొనుగోలుదారు మళ్లీ తల్లిదండ్రులయ్యారు. బొమ్మల కథ పాఠ్యపుస్తకానికి అనుబంధంగా ఆమోదం పొందింది. బదులుగా ప్రశ్నించే స్వభావాన్ని చాలావరకు వదులుకుంది. కులం, స్త్రీ, మతం విషయాల్లో ఈ మాల తీసుకున్న స్థానాన్ని నందిని చంద్ర, కార్లిన్ మెక్లెయిన్ వంటి పరిశోధకులు విశ్లేషించారు. పిల్లల కోసమే అన్న ప్రకటన భావజాల పరీక్ష నుండి ఒక రచనను తప్పించదని ఆ పరిశీలనలు నిరూపించాయి.

గ్రాఫిక్ నవల: తలకిందులైన వయస్సులు

ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ 1986లో, 1991లో రెండు భాగాలుగా పుస్తకరూపం పొందింది. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకుంది. నాజీ నిర్బంధ శిబిరాల నుండి బతికి బయటపడిన తండ్రి కథను కుమారుడు గీసిన ఈ రచనలో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. పెద్దల కోసం రాసిన ఈ పుస్తకం క్రమంగా పాఠశాలలకు చేరింది. 2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక పాఠశాల మండలి దీన్ని 8వ తరగతి పాఠ్యక్రమం నుండి తొలగించింది. కొన్ని తిట్టుమాటలు, ఒక నగ్న చిత్రం అభ్యంతరాలుగా పేర్కొన్నవి.

జపాన్‌లో ఇందుకు విలోమమైన చరిత్ర ఉంది. హిరోషిమా అణుబాంబు దాడి నుండి బాల్యంలో బతికి బయటపడిన కేజీ నకజావా ‘హదాషి నో గెన్’ను 1973లో బాలుర వారపత్రికలోనే ప్రారంభించారు. కాలిన దేహాలను, ఆకలిని, యుద్ధకాలపు క్రూరత్వాన్ని బాలురకే చూపారు. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత 2012 చివర మత్సుయే నగర విద్యాధికారులు దాన్ని పాఠశాల గ్రంథాలయాల్లో విద్యార్థులు స్వేచ్ఛగా తీసుకోకుండా లోపల ఉంచమన్నారు. విమర్శలు రావడంతో 2013 ఆగస్టులో ఆ ఆదేశం రద్దయింది.

ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెడితే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. పెద్దల కోసం రాసినది పిల్లలకు పాఠమైంది. పిల్లల కోసం రాసినది పిల్లలకు తగదని అనిపించుకుంది. రెండు పుస్తకాల్లోనూ బొమ్మలు మారలేదు. మారినది వాటి చుట్టూ ఉన్న పెద్దల అంచనా. పిల్లలే చూసిన, పిల్లలే అనుభవించిన హింసను మరో తరం పిల్లలకు చూపవచ్చా అన్నది నిజమైన ప్రశ్న. దానికి వయస్సు అంకె ఒక్కటే జవాబు కాదు. పక్కన కూర్చొని వివరించే పెద్దవారు ఉన్నారా లేరా అన్నది అంతకంటే ముఖ్యం.

భారతదేశంలో ఒరిజిత్ సేన్ 1994లో నర్మదా లోయ నిర్వాసితుల మీద ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ గీశారు. 2011లో వచ్చిన ‘భీమాయన’ ఈ వ్యాస దృష్టితో మరింత విశిష్టమైనది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు గీయగా, శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ పాఠ్యం సమకూర్చారు. అంబేడ్కర్ జీవితంలోని అస్పృశ్యతా అనుభవాలు నీరు, ఆశ్రయం, ప్రయాణం అనే సూత్రాల చుట్టూ ఇందులో సాగుతాయి. చిత్రకారులు ప్రధాన్ గోండు సంప్రదాయానికి చెందినవారు. ప్రధాన్లు గోండులకు పరంపరగా కథాగాయకులు. ఆదిలాబాద్ ప్రాంతంలోనూ వారు రాజగోండులకు గాయకులే. డక్కలివారు, కూనపులివారు నిలిచిన స్థానానికి దగ్గరి స్థానమిది. ఆశ్రిత గాయక పరంపర నుండి వచ్చిన చేతులు ఆధునిక గ్రాఫిక్ నవలను గీసినప్పుడు దాని రూపమే మారింది. నలుచదరపు గడులు లేవు. నేల ముగ్గువంటి ‘దిగ్నా’ గీతలు పుటను విడదీస్తాయి. కటువైన మాటలకు తేలు తోక వంటి బుడగ, మృదువైన మాటలకు పక్షి వంటి బుడగ. రైలు పాము అవుతుంది.

ఈ పుస్తకం పెద్దల గ్రాఫిక్ నవలగా ప్రసిద్ధం. అయితే దాని మొదటి భాగంలో దాహంతో ఉన్నది బడిపిల్లవాడు. ‘అమర చిత్ర కథ’ కూడా అంబేడ్కర్ జీవితాన్ని ప్రచురించింది. ఆ మాలకు సహజమైన గడుల క్రమంలో సాగే జీవితచరిత్ర అది. ఒకే జీవితం రెండు వయస్సుల పుస్తకమైంది. అయినా బడిలో నీళ్లు నిరాకరింపబడిన అనుభవం ఏ వయస్సుది? దాన్ని పదేళ్ల వయస్సులో అనుభవించే పిల్లలు ఉన్నంతకాలం, దాన్ని పదేళ్ల వయస్సులో చదవరాదనడం నిలవదు.

ఆస్వాదనలో అంతస్తులు

వయోభేదాలు పూర్తిగా కల్పితాలని చెప్పడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. ఒకే చిత్రకథను భిన్న వయస్సులవారు భిన్నంగా ఆస్వాదిస్తారు. అక్షరం రాని పిల్లలు బొమ్మను ముందు చదువుతారు. కథను వారే ఊహించుకొని తరువాత పాఠ్యంతో సరిచూసుకుంటారు. చదువు అలవాటైన పెద్దలు తరచు దీనికి విరుద్ధంగా పాఠ్యం మీద పరుగెత్తి బొమ్మను దాటిపోతారు. చిత్రకథను ‘తేలిక’ రచన అనుకునేది ఎక్కువగా ఈ రెండవ తరగతి పాఠకులే. వారు చదివినది రచనలో సగం మాత్రమే.

స్కాట్ మెక్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో ప్రతిపాదించినట్లు, రెండు గడుల మధ్య ఖాళీలో జరిగిన దాన్ని పూరించేది పాఠకుడే. గొడ్డలి ఎత్తిన గడి తరువాత అరుపు మాత్రమే ఉన్న గడి వస్తే, దెబ్బ కొట్టినది పాఠకుని ఊహ. భారతీయ అలంకారశాస్త్రం తెలిసినవారికి ఇది అపరిచితం కాదు. చెప్పని అర్థాన్ని సహృదయుడు గ్రహించడం ధ్వని సిద్ధాంతానికి మూలం. బొమ్మలోని గుర్రాన్ని చూసి ‘ఇది గుర్రం’ అనుకోవడం యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యజ్ఞానం కాదు. వీటికి భిన్నమైన మరొక ప్రతీతి అని శంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయం రసచర్చలో ప్రసిద్ధం. నటుని రాముడిగా గ్రహించడాన్ని వివరించేందుకు ఆయన బొమ్మను ఉదాహరణగా తీసుకున్నారు. రసచర్చకు ఉపకరించిన బొమ్మ, సాహిత్య చర్చకు అనర్హమని భావించడానికి శాస్త్రాధారం లేదు.

ఈ దృష్టితో ‘మౌస్’ చదివే పన్నెండేళ్ల పాఠకుడు ఎలుకను పంచతంత్రపు ఎలుకగా మొదలుపెట్టి మనిషిగా ముగిస్తాడు. యాభై ఏళ్ల పాఠకుడు మనిషిని మనిషిగా గీయలేకపోయిన కుమారుని బాధను కూడా చదువుతాడు. రెండవ పఠనం మొదటిదాన్ని రద్దు చేయదు. పంచతంత్రం చట్రకథ ప్రకారం విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారుల కోసం జంతువుల కథలు చెప్పాడు. ఆ కథల్లోని రాజనీతిని పెద్దలు ఇప్పటికీ చదువుతున్నారు. మంచి చిత్రకథ పాఠకునితోపాటు వయస్సు పెంచుకుంటుంది. పునఃపఠనమే దాని కొలత.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. అచ్చుకు పూర్వపు తెలుగు చిత్రకథ వయస్సును బట్టి సభను విభజించలేదు. కామిక్ పుస్తకం పిల్లల చేతి డబ్బుకు అందిన తరువాత యోగ్యతా చర్చ మొదలై, 1949–1956 మధ్య చట్టాలుగా, నియమావళులుగా స్థిరపడింది. తెలుగులో ‘చందమామ’ పఠన సామర్థ్యాల మధ్య వంతెన కట్టినా, పిల్లల పత్రిక అన్న పేరు దాని రచయితలకూ చిత్రకారులకూ రావలసిన గుర్తింపును తగ్గించింది. మలయాళంలో సాహిత్య పత్రిక ఇచ్చిన ప్రతిపత్తి తెలుగులో బుజ్జాయి వంటివారికి దక్కలేదు.

ఈ మూడు అంశాలను విడదీయడం వల్ల తెలుగు శాఖలకు కొన్ని ప్రత్యక్ష బాధ్యతలు ఏర్పడతాయి. సామర్థ్యం విద్యాశాస్త్రం చూడవలసినది. యోగ్యత తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఒక్కొక్క పుస్తకాన్ని బట్టి నిర్ణయించవలసినది. ప్రతిపత్తి మాత్రం విమర్శకులది. మొదటి రెండింటిని సాకుగా చూపి మూడవదాన్ని వాయిదా వేయడం ఇంతకాలం జరిగింది. ‘చందమామ’ ఆగిపోయింది. పాత సంచికలను ఎక్కువగా దాచినవారు అభిమాన పాఠకులు. సాహిత్య పరిశోధన ఆ పని ఆలస్యంగా తలకెత్తుకుంది. వారపత్రికల్లో వచ్చి పుస్తకరూపం పొందని తెలుగు చిత్రకథలకు ఆ రక్షణ కూడా లేదు. చిత్రకారుల పేర్లతో, ప్రచురణ వివరాలతో వాటి సూచిక తయారుచేయడం మొదటి పని. పటం కథను జానపద విభాగంలో, ‘చందమామ’ను బాలసాహిత్యంలో, గ్రాఫిక్ నవలను అనువాద అధ్యయనంలో వేర్వేరుగా ఉంచకుండా ఒకే ప్రక్రియా చరిత్రగా బోధించడం రెండవది. చేర్యాల పటం ముందు తాతా మనుమడూ కలిసి కూర్చున్న చోటునే నేటి చిత్రకథకూ కల్పించగలిగితే, ‘ఇది ఏ వయస్సు వారికి?’ అన్న ప్రశ్న స్థానంలో ‘దీన్ని ఎవరితో కలిసి చదవాలి?’ అన్న ప్రశ్న వస్తుంది. తెలుగు సమాజానికి ఆ ప్రశ్న కొత్తది కాదు.